బెంజమిన్ మాస్టారి ప్రవక్త

బెంజమిన్ మాస్టారికి ఏ లోటూ లేదు, ఒక్క దిగులు తప్ప. తనలో ఒక గొప్ప నాయకుడున్నాడనీ, ఆ సంగతి ఇంతవరకు ఎవరి కంటా పడలేదనీ ఆయన దిగులు. ఉద్యోగమంతా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఆయన ఈల వేస్తే ఎంత అల్లరి పిల్లాడైనా పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడేవాడు. రిటైరయ్యాక చింతాలంక సంఘానికి సెక్రటరీ అయ్యారు. అక్కడ ఈలతో పనిలేకపోయింది. ఆదివారం కుర్చీలు వేయించడం, ఆరాధన అయ్యాక తీయించడం, మధ్యలో పాస్టరు నతానియేలుగారి ప్రసంగం వినడం. మొదటి రెండూ సులువే.

నతానియేలుగారు మంచి మనిషి. ఆ మాట ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు, ఒప్పుకుని ఆవులిస్తారు. ఆయన గొంతు రెండో వరస దాటదు. మైకు చేతికిస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో పెట్టుకుంటారు. వేసవి సెలవుల్లో యిర్మీయా ప్రవక్త మీద చెప్పడం మొదలుపెట్టారు. శ్రావణం వచ్చేసినా యిర్మీయాని శత్రువులు ఇంకా గోతిలోకి దింపనే లేదు. మిగతా రోజుల్లో సైకిలేసుకుని తిరుగుతుంటారు. జ్వరం తగిలిన ఇల్లు, మనిషి పోయిన ఇల్లు, మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకున్న ఇల్లు, ఎవరూ కబురు చేయకుండానే అక్కడికి వెళ్లి కూర్చుంటారు. అక్కడా పెద్దగా మాట్లాడేదేం ఉండదు. టీ ఇస్తే తాగుతారు. "ఉండమంటారా?" అని అడుగుతారు. ఉండమంటే ఉంటారు.

మాస్టారికి కావలసింది అది కాదు. ఆయనకి నిప్పు కావాలి. వేదిక దద్దరిల్లాలి, జనం ఊగిపోవాలి.

ఆ నిప్పు ఆయనకి అమలాపురంలో దొరికింది. అక్కడేవో మూడురోజుల సభలంటే వెళ్లారు. వేదిక మీద ప్రవక్త ప్రవీణ్ కుమార్‌గారు. ముప్పై దాటిందో లేదో, తెల్ల సూటు, తెల్ల బూట్లు, చెవికి తగిలించుకునే మైకు. కీబోర్డు వాయిస్తుంటే అటూ ఇటూ నడుస్తూ, ఠక్కున ఆగి, జనంలోకి వేలు చూపించారు.

"పసుపుపచ్చ చొక్కా వేసుకున్న తండ్రిగారూ, లేచి నిలబడండి!"

మాస్టారు తన చొక్కా చూసుకుని లేచారు.

"మీలో ఒక నాయకుణ్ణి దేవుడు దాచిపెట్టాడు. మనుషులు మిమ్మల్ని తక్కువ అంచనా వేశారు. ఔనా, కాదా?"

ఔనన్నారు మాస్టారు. అని, అందరిముందూ వెక్కి వెక్కి ఏడ్చారు.

ఇంటికొచ్చి భార్య రాహేలుకి ఆ సంగతంతా చెప్పారు, మళ్లీ కళ్లు తుడుచుకుంటూ. రాహేలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా వింది.

"తక్కువ అంచనా వేసేరని ఏ మగాడితో చెప్పినా ఔననే అంటాడండీ," అంది. "అదే ఆడదానితో చెప్పమనండి. ఎవరు వేసేరో పేరు చెప్పండి, ఇప్పుడే వెళ్దాం అంటుంది."

మాస్టారు చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లిపోయారు. మర్నాడే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, మన ఊళ్లో ఆ ప్రవక్తగారి చేత కూటాలు పెట్టిద్దామన్నారు. నతానియేలుగారు అభ్యంతరం చెబుతారని, అప్పుడు గట్టిగా వాదించాలని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నారు. ఆ మాటలన్నీ వృథా అయ్యాయి.

"రానివ్వండి మాస్టారూ," అన్నారు పాస్టరుగారు. "దేవుడి మాటే అయితే మనకీ కావాలి కదండీ."

శ్రావణంలో గోదారికి ఎర్రనీళ్లు తగిలిన వారంలో ప్రవక్తగారి కారు కాజ్‌వే దాటి చింతాలంకలోకి దిగింది. ఊరు ఏటిగట్టుకి బయట, వశిష్ఠ పాయ పక్కనే ఉంటుంది. గట్టు మీదికి వెళ్లాలంటే ఆ కాజ్‌వే ఒక్కటే దారి. ప్రవక్తగారి బస మాస్టారి మేడగదిలో. మొదటిరోజు నాటుకోడి కూర, రొయ్యల వేపుడు పెట్టారు. ఆయన మొహమాటపడకుండా తిన్నారు. తెల్లారి కాఫీ ఇవ్వడానికి వెళ్లిన మాస్టారితో కళ్లు మూసుకుని చెప్పారు:

"తండ్రిగారూ, నాకు దర్శనం కలిగింది. ఎర్రని నీళ్లల్లో ఒక జీవి. దాని ఒంటినిండా వెండి పొలుసులు. ప్రవాహానికి ఎదురీదుతూ ఈ ఇంటివైపే వస్తోంది."

మాస్టారు వంటింట్లోకి పరుగెత్తారు. "రాహేలూ! ఎదురీదే వెండి జీవి అంటే ఏంటో తెలిసిందా? సంఘం! లోకానికి ఎదురీదే సంఘం! మన ఇంటినుంచే మొదలవుతుందన్నమాట!"

రాహేలు పొయ్యి సిమ్ములో పెట్టి ఇటు తిరిగింది. "పులస అండీ. పులుసు పెట్టమంటున్నారు."

"ఛ! నీకన్నీ తిండి సంగతులే."

అన్నారే గాని ఎందుకైనా మంచిదని పడవ సత్తియ్యకి ఫోన్ చేశారు. ఎక్కడెక్కడో వాకబు చేసి సత్తియ్య మధ్యాహ్నానికి ఒక పులసని తెచ్చి ఇచ్చాడు. ప్రవక్తగారు రెండుసార్లు అన్నం మారు వడ్డించుకున్నారు. దర్శనం నెరవేరినట్టే ఉందని రాహేలు గిన్నెలు కడుక్కుంటూ పైకే అంది. మాస్టారు గుమ్మంలోనే ఉన్నారు. ఆయనకీ అదే అనుమానం వచ్చింది, కాని బయటపెట్టలేదు.

ఆ సాయంత్రం కూటానికి చర్చి ముందు ఖాళీ స్థలం నిండిపోయింది. సంఘస్థులే కాదు, ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు వరసలో సత్తియ్య తల్లి బుజ్జమ్మ. ఆవిడ సంఘంలో మనిషి కాదు. పురాణం చెబితే పురాణానికీ, ప్రార్థన పెడితే ప్రార్థనకీ చాప చంకన పెట్టుకుని వెళుతుంది. నాలుగు మంచిమాటలు ఎవరు చెబితేనేం అంటుంది. ప్రవక్తగారు మంచిమాటలకి లోటు చేయలేదు. ఒకడికి కువైట్ వీసా వచ్చేస్తుందన్నారు. ఒకామెకి మోకాళ్ల నొప్పులు పోతాయన్నారు. బుజ్జమ్మ తలమీద చెయ్యిపెట్టి, "అమ్మా, నీ గడప దాటి దుఃఖం లోపలికి రాదు," అన్నారు. బుజ్జమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. వెనకవరసలో బల్లమీద కూర్చున్న నతానియేలుగారు అందరికీ సంతోషించారు. ఆయన ముఖంలో అసూయ కనబడుతుందేమోనని మాస్టారు రెండు మూడుసార్లు తిరిగి చూశారు. కనబడలేదు.

మర్నాటికి టీవీల్లో వేరే సంగతి మొదలైంది. భద్రాచలం దగ్గర గోదారి గంటగంటకీ లేస్తోంది. ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తేశారు. లంక గ్రామాలవాళ్లు గట్టుకి వచ్చేయమని సచివాలయంవాళ్లు ఆటోకి మైకు కట్టి చెప్పి వెళ్లారు. జనం మూటలు కట్టడం మొదలుపెట్టారు. నతానియేలుగారు సైకిలు తొక్కుకుంటూ మాస్టారింటికి వచ్చారు.

"మాస్టారూ, మీ ఈల ఉందాండీ? రేపు పొద్దున్నకల్లా అందరినీ గట్టెక్కించాలి. మీరైతేనే వరసలో వస్తారు. నా మాటకి ఎవరు కదులుతారు చెప్పండి?"

ఇన్నాళ్లకి ఒక మనిషి వచ్చి మాస్టారిని నాయకత్వం వహించమని అడిగాడు. అడిగింది పాస్టరుగారు కాబట్టి మాస్టారికి అది చెవికెక్కలేదు.

"చూద్దామండీ. సాయంత్రం కూటంలో ప్రవక్తగారేమంటారో విని…"

"ఆయ్," అని నతానియేలుగారు సైకిలెక్కి వెళ్లిపోయారు.

సాయంత్రం పాటలింకా అవనేలేదు, జనంలోంచి ఎవరో అడిగేశారు. "అయ్యగారూ, గోదారి సంగతి చెప్పండి! పొమ్మంటారా, ఉండమంటారా?" నలుగురూ గొంతు కలిపారు. పసిపిల్లల్ని వేసుకుని గట్టు మీద వానలో పడుండాలంటే ఎవరికి ఇష్టం? ప్రవక్తగారు ఆ ముఖాలన్నీ ఒకసారి కలియజూశారు. వాళ్లేం వినాలనుకుంటున్నారో వాళ్ల కళ్లల్లోనే రాసి ఉంది.

"గోదావరీ!" అని అరిచారు, నదివైపు వేలు చూపించి. "ఈ ఊరి గడప తొక్కకూడదు నువ్వు! వచ్చిన దారినే వెనక్కి పోతావు! దేవుడు నాతో చెప్పాడు. మూటలు విప్పండి!"

ఒక్కటే కేక, ఒక్కటే చప్పట్లు. కీబోర్డు అందుకుంది. చప్పట్లు సద్దుమణిగేసరికి వెనకవరసలో నతానియేలుగారు నిలబడి ఉన్నారు. ఇక పోట్లాట తప్పదనుకుని మాస్టారు మెడ సాచారు.

"ఆమెన్," అన్నారు నతానియేలుగారు.

జనానికి అర్థం కాలేదు. ఎవరో మైకు అందించారు. ఈసారి చంకలో పెట్టుకోకుండా నోటిదగ్గరే పెట్టుకున్నారాయన.

"అలాగే జరగాలండీ. నా ఇల్లు అందరికంటే పల్లంలో ఉంది. ఈ మాట నిజం కావాలని నాకంటే కోరుకునేవాడు ఎవడుంటాడు? యిర్మీయా కాలంలో హనన్యా అని ఒక ప్రవక్త ఉండేవాడు. బబులోను రాజు మన మెడమీద పెట్టిన కాడి రెండేళ్లలో విరిగిపోతుందని జనానికి చల్లని కబురు చెప్పేడు. యిర్మీయా మెడమీదున్న కర్రకాడిని లాక్కుని అందరిముందూ విరిచేడు కూడాను. యిర్మీయా కొట్లాడలేదండీ. ఆమెన్ అన్నాడు, అలాగే జరుగుగాక అన్నాడు. శాంతి కలుగుతుందని చెప్పిన ప్రవక్త మాట సంగతి, ఆ శాంతి వచ్చినప్పుడు తెలుస్తుందన్నాడు. అని తన దారిన తను వెళ్లేడు. నేనూ అంతే. కాకపోతే చిన్న మనవి. ఈ పూటే పశువుల్ని గట్టుకి తోలేద్దాం. ప్రవక్తగారి మాట నిజమైతే వాటికి కాస్త నడక అవుతుంది, మళ్లీ తోలుకొచ్చేద్దాం."

ఎక్కడో ఒకరిద్దరు నవ్వారు. ప్రవక్తగారికి నవ్వు రాలేదు. "అవిశ్వాసం!" అన్నారు. "కాపరికే నమ్మకం లేకపోతే మంద ఏమవుతుంది? సెక్రటరీగారూ, మీరు చెప్పండి జనానికి!"

వందలమంది తనవైపు చూస్తున్నారు. మాస్టారి గుండె ఉప్పొంగింది. మైకు పట్టుకుని, డ్రిల్లు గొంతుతో, "ఎవరూ ఊరు కదలక్కర్లేదు! అందరూ ఇళ్లకి వెళ్లి హాయిగా ఉండండి!" అన్నారు. ఆయన జీవితంలో ఏ ఆజ్ఞనీ జనం అంత ఆనందంగా పాటించలేదు.

చీకటిపడేలోగా పశువుల్ని గట్టుకి తోలినవాళ్లు ఇద్దరే. నతానియేలుగారు, సత్తియ్య. సత్తియ్య ఆవు నిండుచూలుతో ఉంది. మీ ప్రవక్తల సంగతి నాకు తెలీదుగాని ఏటి రంగు నాకు నచ్చలేదు అన్నాడతను. తల్లిని కూడా రమ్మంటే బుజ్జమ్మ రానంది. గడప దాటి రాదని అయ్యగారు చెప్పారు కదా అంది.

తెల్లారగానే మాస్టారు కాఫీ గ్లాసుతో మేడమెట్లు ఎక్కారు. ప్రవక్తగారు సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు పెడుతున్నారు. ఒక చేతిలో ఫోను, అందులో వార్తలు.

"తండ్రిగారూ, దర్శనం మారింది. నన్ను అర్జెంటుగా రాయవరం వెళ్లమని దేవుడు చెబుతున్నాడు."

"మరి మూడోరోజు కూటం?"

"మీరు నడిపించండి. మీలో నాయకుడున్నాడని చెప్పాను కదా."

చెబుతూనే మెట్లు దిగిపోయారు. కారు వీధి మలుపు తిరిగింది. మాస్టారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. పెరట్లోంచి రాహేలు పిలిచింది. ఆమె గొంతులో కంగారేమీ లేదు. అందుకే ఆయనకి భయమేసింది.

"ఏవండీ, ఇలా ఒకసారి వస్తారా? గోదారి వచ్చింది."

అరటిచెట్ల మొదళ్లలో ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. చూస్తుండగానే రుబ్బురోలు మునిగింది. నిన్న తను మైకులో అన్న మాటలు మాస్టారి చెవిలో గింగురుమన్నాయి. హాయిగా ఉండండి! హాయిగా అట!

"అలా నిలబడకండి," అంది రాహేలు, బియ్యం డబ్బా అటకమీదికి ఎక్కిస్తూ. "వెళ్లి ఈల వేయండి."

మాస్టారు వీధిలో పడ్డారు. ఆ ఉదయం వేసినంత గట్టి ఈల ఆయన హైస్కూల్లో ఎన్నడూ వేసి ఉండరు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "నేను చెప్పింది తప్పు! పదండి, పదండి!" అని అరిచారు. కొందరు తిట్టారు. కొందరు తిట్టడానికి కూడా తీరిక లేక పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. చర్చి మెట్లు ఊళ్లో అన్నిటికంటే ఎత్తు. అందరినీ అక్కడ వరసగా నిలబెట్టారు. నతానియేలుగారు అప్పటికే సత్తియ్య ఇంజను పడవతో వచ్చి ఉన్నారు. మాస్టారిని చూసి ఒక్క మాట కూడా దెప్పలేదు.

"ముసలివాళ్లు, పిల్లతల్లులు ముందండీ మాస్టారూ. వరస మీరు చూడండి. నేను పడవ చూస్తాను."

పడవ గట్టుకీ చర్చికీ తిరుగుతూనే ఉంది. వెనక మరో రెండు పడవలు వచ్చాయి. చివరికి మిగిలింది, కొడుకు పిలిచినా కదలని బుజ్జమ్మ ఒక్కతే. మాస్టారు మోకాలిలోతు నీళ్లల్లో ఆవిడ ఇంటికి వెళ్లారు. ఆవిడ మంచంమీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"బుజ్జమ్మగారూ, లేవండి! గోదారి వచ్చేసింది."

"నిన్న మైకులో రాదన్నది మీరే. ఇవాళ వచ్చిందంటున్నదీ మీరే. మీ మాటల్లో దేన్ని నమ్మమంటారు మాస్టారూ?"

"నన్ను నమ్మకండి. కిందికి చూడండి," అన్నారు.

బుజ్జమ్మ మంచం అంచున వంగి చూసింది. ఆవిడ చెప్పులు రెండూ, ఒకదాని వెనక ఒకటి, గడప దాటి బయటికి తేలిపోతున్నాయి.

"అయితే ఇవాళ్టి మాటే నిజం," అని, చాప చంకన పెట్టుకుని మాస్టారి వీపెక్కింది.

ఆఖరి పడవలో బుజ్జమ్మ, మాస్టారు, నతానియేలుగారు, పల్లపు ఇళ్లల్లో మిగిలిపోయిన మేకలు. ఇంజను దగ్గర సత్తియ్య. కాజ్‌వే ఉండాల్సిన చోట నది తప్ప ఏమీ లేదు. ఆ నది మధ్యలో తెల్లగా ఏదో కనిపించింది. దగ్గరికి వెళితే అది ప్రవక్తగారి కారు. సగం మునిగి, పక్కనున్న కరెంటు స్తంభానికి ఆనుకుని ఆగింది. కారు టాపు మీద సూట్‌కేసు, సూట్‌కేసు మీద ప్రవక్తగారు. డ్రైవరుకి దర్శనాలేవీ లేవు కాబట్టి నీళ్లు కనిపించగానే కారు దిగి గట్టెక్కేశాడట.

"ప్రవక్తనండీ! ప్రవక్తని!" అని అరుస్తున్నాడాయన, చేతులూపుతూ.

బుజ్జమ్మ కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవరో ఏటి మధ్య కూటం పెట్టేరు."

సత్తియ్య ఇంజను తగ్గించాడు. "ఎక్కించుకోమంటారాండీ అయ్యగారూ?"

"చోటుందా?"

"మేకల మధ్య ఉందండి."

"చాల్లే," అన్నారు నతానియేలుగారు. పడవ పక్కకి రాగానే తనే వంగి అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగారు. రెండు మేకలు కాస్త సర్దుకుని చోటిచ్చాయి. ఒక మేక తెల్లకోటు అంచు నమిలి చూసి, నచ్చక వదిలేసింది. తడిసిపోయి, జుట్టు ముఖానికి అంటుకుపోయి, వణుకుతూ కూర్చున్న ఆ మనిషిని చూస్తే మాస్టారికి తన దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకడిలా కనిపించాడు. గారు అన్న మాట మనసులో దానంతటదే ఊడిపోయింది.

గట్టుమీద టార్పాలిన్లు కట్టారు. కలిపి వంట మొదలైంది. నతానియేలుగారు తన లుంగీ, పాతచొక్కా ఇస్తే ప్రవీణ్ కుమార్ అవి కట్టుకున్నాడు. అతను కనిపించగానే జనం లేచారు. ఇళ్లు మునిగినవాళ్లు, బస్తాలు పోగొట్టుకున్నవాళ్లు, వీసా వస్తుందని నమ్మినవాడు కూడా. అందరికంటే ముందు మాస్టారు లేచారు.

"మూటలు విప్పమంటావా? పసిపిల్లలున్న ఇళ్లు! నువ్వు కారెక్కి పోతూ మమ్మల్ని హాయిగా ఉండమంటావా?" అని అతని చొక్కా పట్టుకోబోయి, ఆగిపోయారు. హాయిగా ఉండమన్నది అతను కాదు. ఆ మాట తనది. జనానికి అది గుర్తుంది. ఎవరూ పైకి అనలేదు గాని, కొందరి చూపులు ప్రవక్తమీద నుంచి మాస్టారి మీదికి వచ్చి వాలాయి. ఆయన చెయ్యి దించేసుకుని వెళ్లి కట్టెలు కొట్టడం మొదలుపెట్టారు.

నతానియేలుగారు తన కంచం తెచ్చి ప్రవీణ్ కుమార్ ముందు పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నారు. జనం ఇంకేం చేయాలో తెలియక చెదిరిపోయారు. కట్టెలు కొడుతున్న మాస్టారికి ఆ ఇద్దరి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపు ప్రవీణ్ కుమార్ అన్నం కలుపుతూ కూర్చున్నాడు.

"అయ్యగారూ, నిన్న మీరు చెప్పిన ఆ హనన్యా… తర్వాత ఏమయ్యాడండీ?"

"చదవలేదా బాబూ?"

"కాడి విరిచేదాకా చదివానండీ. అది బాగుందని అక్కడ ఆపేశాను."

"ఆ ఏడాదే పోయాడు."

ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

"ముందు అన్నం తినండి," అన్నారు నతానియేలుగారు. "మీకు ఇంకా వయసుంది. నిజంగా ఎప్పుడైనా దేవుడి మాట విన్నారా? మీకు ఇబ్బందైతే చెప్పకండి."

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చిన్నప్పుడు ఒకసారి విన్నాననిపించిందండీ. ఒక్కణ్ణే ప్రార్థన చేసుకుంటుంటే. అది ఎవరికీ చెప్పలేదు. తర్వాత వేదికెక్కాను. ఎదుటివాళ్లు ఏం వినాలనుకుంటున్నారో ముఖం చూస్తే తెలిసిపోయేది. అది చెబితే ఏడ్చేవారు, కాళ్లమీద పడేవారు. కొన్నాళ్లకి అదే దేవుడి మాట అనుకోవడం అలవాటైపోయిందండీ."

మాస్టారి గొడ్డలి గాల్లో ఆగింది. పసుపుపచ్చ చొక్కా వేసుకున్న తన ముఖంలో ఆరోజు ఏం కనిపించి ఉంటుందో ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాసేపటికి ఎందుకో నవ్వు కూడా వచ్చింది.

అన్నాలయ్యాక పాస్టరుగారి పక్కన చేరారు. "నిన్ననే వీడు అబద్ధాలకోరని చెప్పేస్తే పోయేది కదండీ? ఆమెన్ అని కూర్చున్నారేంటి?"

"అబద్ధమో కాదో నాకు మాత్రం ఏం తెలుసు మాస్టారూ? గోదారి రాకపోతే నేనే పిరికివాణ్ణి అయ్యుండేవాణ్ణి. ఆ లెక్క కాలం తేలుస్తుంది. మేకలు అంతదాకా ఆగలేవు కదా." ఆయన లుంగీ బురద దులుపుకున్నారు. "యెహెజ్కేలు గ్రంథంలో కాపరుల మీద దేవుడికి ఎంత కోపమొచ్చిందండీ! కొవ్వు తిన్నారు, బొచ్చు కప్పుకున్నారు, గొర్రెల్ని మాత్రం మేపలేదని. తప్పిపోయినదాన్ని వెతికేరా, కాలు విరిగినదానికి కట్టు కట్టేరా అని అడిగేడు. గొంతు ఎలా ఉందని మాత్రం అడగలేదు. అదొక్కటే నాకు ధైర్యం."

మాస్టారు నవ్వబోయి నవ్వలేదు. "నేను సెక్రటరీగా మానేస్తానండీ."

"ఎందుకు?"

"జనాన్ని ముంచేను కదండీ."

"ముంచేరు. తేల్చేరు కూడాను. మానేస్తే కుర్చీలు ఎవరు వేయిస్తారు? వరస రావద్దూ?" అని, ఆయన ఎవరో దగ్గుతుంటే అటు వెళ్లిపోయారు.

గోదారి వెంటనే తీయలేదు. గట్టుమీద అందరికీ పనులు పడ్డాయి. ప్రవీణ్ కుమార్‌కీ పడింది. అతని గొంతు బాగా వినిపిస్తుందని, మంచినీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు కేకేసి పిలిచే పని నతానియేలుగారు అప్పగించారు. మనుషుల పేర్లు, ముఖాలు అతనికి ఇట్టే గుర్తుండిపోయేవి. ఎవరికి మందులు అందలేదో, ఏ పసిబిడ్డకి పాలు కావాలో పొరపాటు పడకుండా చెప్పేవాడు. జనం మొదట్లో పలకలేదు. తర్వాత తప్పక పలికారు. రాహేలు మాత్రం రోజూ గరిటె పట్టుకుని, "ఏం బాబూ, ఇవాళ దర్శనంలో పప్పుచారు కనిపించిందా?" అని అడిగి వడ్డించేది. అతను తలొంచుకుని నవ్వేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం సత్తియ్య ఆవుకి నొప్పులొచ్చాయి. గట్టుమీద వేరే కాలక్షేపం ఏముంది? అందరూ చుట్టూ చేరారు. కోడెదూడని కొందరూ, పెయ్యదూడని కొందరూ. వాదన ముదిరి, వీసా మనిషి వెటకారంగా అరిచాడు. "ప్రవక్తగారున్నారుగా! ఆయన్నే అడగండి! ఏం పుడుతుందండీ?"

అందరూ తిరిగి చూశారు. ప్రవీణ్ కుమార్ నీళ్ల బిందె దించి, ఆ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. సత్తియ్య పెయ్య కోరుకుంటున్నాడని గుడ్డివాడికైనా తెలుస్తుంది. బుజ్జమ్మ అయితే చేతులు జోడించే ఉంది. అతని పెదవులు కదిలాయి.

"నాకు తెలియదండీ," అన్నాడు ప్రవీణ్ కుమార్.

గట్టంతా గొల్లుమంది. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లొచ్చాయి జనానికి. "ఇది నమ్మొచ్చు!" అంది బుజ్జమ్మ. అతను కూడా నవ్వాడు, ఎర్రబడిన ముఖంతో, భుజంమీంచి ఏదో బరువు దించుకున్నవాడిలా.

అంతలో సత్తియ్య కేకేశాడు. దూడ ముందుకాలు ఒకటి మడతపడి అడ్డుకుంది. పశువుల డాక్టరుకి ఫోన్ కలవలేదు. సత్తియ్య మోచేతిదాకా సబ్బునీళ్లు రాసుకుని చెయ్యి పెట్టాడు. నతానియేలుగారు ఆవు తల ఒళ్లో పెట్టుకుని మెడ నిమురుతూ కూర్చున్నారు. "మాస్టారూ, పట్టండి! బాబూ, నువ్వూ!" అన్నాడు సత్తియ్య. మాస్టారు ఒక పక్క, ప్రవీణ్ కుమార్ ఒక పక్క. ఆవు నొప్పి తీసినప్పుడల్లా లాగడం, ఆగినప్పుడు ఆగడం. లాగీ లాగీ మాస్టారికి రెక్కలు పడిపోయాయి. చివరికి దూడ ఒక్కసారిగా జారి బయటికి రావడంతో ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు. దూడ ఇద్దరిమీదా పడింది.

పెయ్య. బుజ్జమ్మ దాని కుడిచెవిలోనూ ఎడమచెవిలోనూ ఊదింది. ఆవు నాకడం మొదలుపెట్టింది. పొరపాటున కాసేపు మాస్టారి బట్టతల కూడా నాకింది.

నీళ్లు తీశాక జనం ఊళ్లోకి దిగారు. ప్రవీణ్ కుమార్ అందరి సామానూ మోసి పెట్టి, సఖినేటిపల్లి రేవుకి వెళ్లే ఆటో ఎక్కాడు. వెళ్లేముందు పాస్టరుగారితో చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు, పాస్టరుగారు చెప్పరు. ఆ తర్వాత అతని గురించి రెండు కబుర్లు వచ్చాయి. మళ్లీ ఎక్కడో పెద్ద వేదికెక్కాడని ఒకటి, వేదికలు మానేసి ఏదో ఆసుపత్రిలో రోగుల దగ్గర కూర్చుంటున్నాడని ఒకటి. రెండోది నిజమైతే బాగుండునని మాస్టారికి ఉంది. కాని తనకి ఉన్నంతమాత్రాన అది నిజమైపోదని ఆయనకి ఈమధ్యే తెలిసింది.

ఊరంతా ఒండ్రుమట్టి. చర్చిలో మోకాలిలోతు. మాస్టారు తన ఇల్లు రాహేలుకి, చర్చి కుర్రాళ్లకి వదిలేసి, పార భుజాన వేసుకుని బుజ్జమ్మ ఇంటికి వెళ్లారు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి గది నేల బయటపడింది. బుజ్జమ్మ గుమ్మంలో పీట వేసుకుని పని పురమాయిస్తోంది.

"పొయ్యి వెనకాల ఉండిపోయింది మాస్టారూ. ఆ మూల కూడా లాగేయండి."

"ఆయ్," అని మాస్టారు పొయ్యి వెనక్కి వెళ్లారు.